దుప్పటి రెండో కొస

చిన్నకోడలు పట్టపగలు రెండు గంటలకి నిద్రపోతోంది. అదీ మామూలు నిద్రా? గుర్రు గుమ్మం దాకా వినిపిస్తోంది.

పెద్దకోడలు గుమ్మంలో నిలబడి ఆ గుర్రు విన్నది. పొద్దున్నే ఐదున్నరకి డ్యూటీ ఎక్కి, ఎనిమిది గంటలు నిలువుకాళ్ళ మీద ఆస్పత్రి దుప్పట్లు మడతపెట్టి, బస్సులో సీటు దొరక్క వేలాడుతూ ఇల్లు చేరిన మనిషికి ఇదీ ఎదురుకోలు. ఆమె చెప్పులు విడవలేదు, విసిరింది.

"నెమ్మదే తల్లీ," అంది అత్తగారు లోపలి నుంచి గొంతు తగ్గించి. "ఇప్పుడే కునుకు పట్టింది దానికి. ఇవాళ మంగళవారం కదా, మేడమ్ దగ్గరికి వెళ్ళొచ్చింది. పాపం, అలిసిపోయింది."

"ఏం చేసిందట అలిసిపోవడానికి? కుర్చీలో కూర్చుందా?"

"ఏమోనమ్మా, నాకేం తెలుసు. ఊపిరి తీయిస్తుందట, ఏవో అడుగుతుందట. లోపల గడ్డకట్టిందంతా కరుగుతుందట."

"నాకు కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. అది మాత్రం ఎవరికీ పట్టదు."

"అన్నీ మూతపెట్టి ఉంచాను, పెట్టుకు తిను," అంటూ అత్తగారు చిన్నకోడలి కాళ్ళ మీద దుప్పటి సర్దింది.

ఆ సర్దడం చూసింది పెద్దకోడలు. పద్నాలుగేళ్ళుగా ఈ ఇంట్లో ఉంది. ఆమె కాళ్ళ మీద ఎవరూ ఏ రోజూ దుప్పటి సర్దలేదు. అసలు ఆ అవసరమే రానివ్వలేదు, అది వేరే సంగతి. కానీ కుళ్ళుకి న్యాయం ఎక్కడ తెలుస్తుంది? ఆకలి సంగతి మరిచిపోయేంతగా కడుపు మండింది.

ఇద్దరూ పనిచేసే ఆస్పత్రి లాండ్రీలో ఇస్త్రీ రోలరు చిన్నకోడలి ఎడమచేతిని లోపలికి లాక్కుని మూడు నెలలైంది. ఆ రోజు చిన్నదానికి చెయ్యి కాలింది, పెద్దదానికి నిద్ర పోయింది. చెయ్యి బాగుచేయడానికి డాక్టరు వచ్చాడు. మనసు బాగుచేయడానికి మేడమ్ వచ్చింది. కాళ్ళ మీద దుప్పటి కప్పడానికి అత్తగారు ఉండనే ఉంది. నిద్ర పోగొట్టుకున్న మనిషిని మాత్రం నీకేమైందని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. ప్రమాదం జరిగిన మర్నాడు సూపర్‌వైజరు ఇద్దరికీ రెండు కాగితాలు తెచ్చాడు. 'గాయం ఎక్కడ?' అని అందులో ఒక గడి ఉంది. పెద్దకోడలి కాగితంలో ఆ గడికి అడ్డంగా ఒక గీత గీసి, "నీకేమమ్మా, రాయిలాంటి మనిషివి," అని నవ్వి వెళ్ళిపోయాడు. గాయం ఉన్నవాళ్ళకి మేడమ్ దగ్గర ఎనిమిది సార్లు కూర్చోవడానికి చీటీ. రాళ్ళకి చీటీ లేదు.

నాలుగింటికి చిన్నకోడలు లేచింది. లేవగానే గబుక్కున నిలబడలేదు. మంచం అంచున కూర్చుని, రెండు పాదాలూ నేలకి ఆనించి, గదంతా మెల్లగా చూసింది.

"కిటికీ," అంది. "నీలం బకెట్టు." తర్వాత ఇటు తిరిగి, "అక్క," అంది. అని, వేడి పాలు ఊదుతున్నట్టు పొడుగ్గా ఊపిరి వదిలింది.

"నన్నెందుకు కలుపుతావే బకెట్టుతో?"

చిన్నకోడలు ఫక్కున నవ్వింది. "ఎదురుగా ఏది కనిపిస్తే అది చెప్పాలక్కా. నేను ఇక్కడే ఉన్నానని ఒంటికి చెప్పడం. ఆ రోజు అయిపోయిందని మనకి తెలుసు కానీ, ఒంటికి ఇంకా ఆ కబురు అందలేదట. అందుకే ఏ చప్పుడైనా ఎగిరిపడతాం."

"కబురు అందకపోతే ఉత్తరం రాయకపోయావా?"

"రోజూ రాస్తున్నట్టే," అంది చిన్నకోడలు. ఆమె మొహం కడిగినట్టు తేటగా ఉంది. మొదటి నెలలో పక్కింట్లో గిన్నె పడితే బల్ల కింద దూరిన మనిషి ఈమేనా అనిపించేట్టు ఉంది. గది మూలన అత్తగారు కూడా కుర్చీలో పాదాలు ఆనించుకుని "ఊఁ" అని ఊపిరి వదులుతోంది. ముసలావిడకి కూడా వచ్చేసింది విద్య! ఇంటిల్లిపాదీ హాయిగా ఊపిరి పీలుస్తుంటే తను ఒక్కతే తప్పయిందా?

"సోమవారం నుంచి యంత్రం మీదికి వస్తున్నానక్కా," అంది చిన్నకోడలు. "మొదట గేటు దాకా వెళ్ళి వచ్చాం. తర్వాత తలుపు దాకా. మొన్న మధ్యాహ్నం షిఫ్టులో అది తిరుగుతుంటే పావుగంట పక్కనే నిలబడ్డాను. గుండె దడదడలాడింది. మేడమ్ పక్కనే ఉంది. దడ పెరిగి పెరిగి, దానంతటదే తగ్గింది. తగ్గుతుందని అప్పటిదాకా నాకు తెలీదు."

"ఇంకేం మరి. అవతలి కొసకి ఎలాగూ నేనుంటా."

ఆ మాట అని పెద్దకోడలు ఎదురుచూసింది. ఆరేళ్ళుగా ఆ రోలరు దగ్గర ఇద్దరిదీ ఒకటే జత. "నువ్వుంటే నాకేం భయం అక్కా" అనాలి ఆ పిల్ల. అనలేదు. చేతికి వేసుకున్న బిగుతు తొడుగుని వేలు వేలుకీ సర్దుకుంటూ, "చూద్దాం అక్కా," అంది.

*

రోలరు యంత్రం గోడంత పొడుగుంటుంది. ఇవతలి వైపు ఇద్దరు నిలబడి, తడి ఆరీ ఆరని దుప్పటిని చెరో కొస పట్టుకుని, ఒక్కసారి విదిలించి, అంచు సమానంగా రోలరుకి అందిస్తారు. అవతలి వైపు ఇద్దరు దాన్ని వేడివేడిగా అందుకుని మడతపెడతారు. అందించేవాళ్ళ మోకాళ్ళ ఎత్తున, యంత్రం పొడుగునా ఒక ఎర్ర కడ్డీ ఉంటుంది. మోకాలితో ఒక్క తోపు తోస్తే అంతా ఆగిపోతుంది.

కొత్తగా వచ్చినవాళ్ళకి నేర్పే మొదటి మాట ఒకటే: కొస వదలకు. జతగాళ్ళలో ఒకరు ముందు వదిలితే దుప్పటి వంకరగా పోతుంది, ముడతలతో బయటికొస్తుంది, మళ్ళీ ఉతుకుడికి పోతుంది. పదకొండేళ్ళలో పెద్దకోడలి చేతి మీదుగా ఒక్క దుప్పటీ వెనక్కి పోలేదు. సూపర్‌వైజరు కొత్తవాళ్ళని ఆమె దగ్గర నిలబెట్టి, "చూసి నేర్చుకోండి, చెయ్యి కాదు అది, పట్టుకారు," అనేవాడు.

మూడు నెలలుగా ఆ పట్టుకారు అందించే వైపు నిలబడటం లేదు. మోకాలు నొప్పని చెప్పి మడత వైపుకి మారింది. అక్కడైనా కాళ్ళ మీదే నిలబడాలి కదా అని ఎవరికీ తట్టలేదు.

బుధవారం టిఫిను గంట కొట్టినప్పుడు ఆమె భుజాలు చెవుల దాకా లేచాయి. చేతిలో ఉన్న దుప్పటిని విప్పి మళ్ళీ మడతపెట్టింది, అంతకుముందు మడత బాగానే ఉన్నా. అందరూ వెళ్ళాక గోడ దగ్గరికి నడిచింది. సోమవారం నుంచి ఎవరు ఎక్కడో రాసిన కాగితం అక్కడ అంటించి ఉంది.

అందించే వైపు చిన్నకోడలి పేరు ఉంది. పక్కన ఇంకో పేరు. పెద్దకోడలిది కాదు. దిండు గలేబుల దగ్గర పనిచేసే పిల్లది. ఆ పిల్లని లాండ్రీలో అందరూ వసపిట్ట అంటారు. నోరు మూతపడదు. చేరి పట్టుమని పది నెలలు కాలేదు. దుప్పటి విదిలిస్తే ఒక కొస ఆకాశంలో, ఒక కొస పాతాళంలో ఉంటుంది.

"ఇదెవరి నిర్ణయమండీ?" అంది పెద్దకోడలు సూపర్‌వైజరు గదిలోకి వెళ్ళి.

"మీ చెల్లెలిదే. అవతల వసపిట్ట ఉండాలని తనే అడిగింది. మేడమ్ కూడా సరేనంది." అతను పెన్నుతో చెవి గోక్కున్నాడు. "నీకూ మోకాలు బాగోలేదు కదా. విశ్రాంతిగా ఉండు. ఆ రోజు నువ్వు కడ్డీ నొక్కకపోతే ఆ పిల్లకి చెయ్యే ఉండేది కాదు. అది నేను ఎక్కడైనా చెప్తాను."

ఎక్కడైనా చెప్తాడు. చెప్పాడు కూడా, ఊరంతా. ఇంట్లో మరిది చేతులు జోడించి కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఆ దండం అందుకుంటున్నప్పుడు పెద్దకోడలి చేతులు చల్లబడిపోయాయి. ఎందుకంటే జరిగింది అది కాదు.

చిన్నదాని మణికట్టు పట్టీ దుప్పటి అంచుతో పాటు రోలరు కిందికి పోయింది. "అక్కా!" అని అరిచింది. పెద్దకోడలు చూసింది, విన్నది, అర్థమైంది కూడా. మోకాలికి జానెడు దూరంలో ఎర్ర కడ్డీ ఉంది. కానీ రెండు చేతులూ దుప్పటి కొసని పట్టుకుని, బిగించి, సమానంగా అందిస్తూనే ఉన్నాయి. వదలకు, వంకరపోతుంది. నాలుగంకెలు లెక్కపెట్టేంత సేపు. ఆ తర్వాతే మోకాలు కదిలింది.

ఆ నాలుగంకెల సంగతి ప్రపంచంలో ఒక్క మనిషికే తెలిసే వీలుంది. ఆ మనిషి ఇప్పుడు వారానికి రెండుసార్లు ఒక గదిలో తలుపేసుకుని ఎవరికో అన్నీ చెప్పుకుంటోంది. చెప్పుకుని, తేలికపడి, ఇంటికొచ్చి గుర్రుపెడుతోంది. తేలికపడదూ మరి! బరువంతా తెచ్చి అక్క నెత్తిన పెట్టాక!

వసపిట్టట, జత. పెద్దకోడలు ఆ మధ్యాహ్నం బస్సులో సీటు దొరికినా కూర్చోలేదు.

*

గురువారం పన్నెండింటికి సూపర్‌వైజరు గదిలో ఫోను మోగింది. అతను లేడు. లెక్క రాయడానికి వెళ్ళిన పెద్దకోడలు ఎత్తింది.

"చెయ్యి కాలిన అమ్మాయి ఫోను కలవడం లేదండీ," అంది అవతలి గొంతు. వయసుమళ్ళిన గొంతు, తొందర లేనిది. "నేను కౌన్సెలింగు గది నుంచి మాట్లాడుతున్నా. రేపు నాలుగింటికి బదులు రెండింటికి రమ్మని చెప్పించగలరా? నాలుగింటికి నేను ఉండను. సోమవారం యంత్రం ఎక్కేలోపు ఇదే ఆఖరిసారి, తప్పిపోకూడదు."

"చెప్తానండీ."

"మీరు... అక్కగారేనా?"

పెద్దకోడలి వీపు నిటారైంది. గొంతు విని పోల్చేంతగా చెప్పుకున్నారన్నమాట తన గురించి!

"అవును. ఎలా తెలిసింది?"

"చెల్లెలు ఎప్పుడూ చెప్తూ ఉంటుంది. మీరెలా ఉన్నారండీ?"

మూడు నెలల్లో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అడిగితే బాగుండునని ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు. అడిగిన ఆ ఒక్క మనిషీ ఈవిడే కావాలా? "నాకేమండీ, నిక్షేపంలా ఉన్నాను," అని ఫోను పెట్టేసింది.

ఇంటికి వెళ్ళేటప్పటికి చిన్నకోడలు వరండాలో కూర్చుని, ఆ కాలిన చేత్తోనే చొక్కాకి ఒక్కొక్క గుండీ సూదీదారంతో కుడుతోంది. ఐదు వేళ్ళూ వంగుతున్నాయి. నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, లోకం మరిచి కుడుతోంది. "అక్కా, చూడు, నా అంతట నేనే!" అంది.

ఇప్పుడు చెప్పాలి. రేపు రెండింటికి. రెండే మాటలు.

"బాగుంది," అంది పెద్దకోడలు. "రేపు వెళ్తున్నావా మేడమ్ దగ్గరికి?"

"ఆఁ, నాలుగింటికి."

"వెళ్ళు వెళ్ళు."

అంతే. చెప్పలేదు. వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. తోమినవే మళ్ళీ తోమింది. మర్చిపోయానని చెప్పొచ్చు, మనిషన్నాక మర్చిపోదా? ఒక్కసారి ఆ కుర్చీ ఖాళీగా ఉంటే ఏమవుతుందో చూడాలి. అప్పుడు ఆ తేట మొహం ఎలా ఉంటుందో చూడాలి. ఆ ఆలోచన రాగానే మూడు నెలల్లో మొదటిసారి ఆమెకి కాస్త హుషారుగా అనిపించింది. అనిపించినందుకు వెంటనే ఒళ్ళు జలదరించింది కూడా. అయినా చెప్పలేదు.

*

శుక్రవారం సాయంత్రం ఆమె పెరట్లో ఆరేసిన బట్టలు తీస్తోంది. కన్ను మాత్రం సందు మలుపు మీదే ఉంది. ఏడుస్తూ వస్తుంది. లేదా వణుకుతూ వస్తుంది. అప్పుడు తను దగ్గరికి తీసుకుని, "పోనీలేవే, వాళ్ళంతా అంతే, చివరికి ఇంట్లోవాళ్ళే దిక్కు," అంటుంది. ఆ మాటలు నిన్నటి నుంచే నోట్లో తయారుగా ఉన్నాయి.

చిన్నకోడలు మామూలుగా నడుచుకుంటూ వచ్చింది. పెరట్లోకి వచ్చి, తీగ మీద మిగిలిన దుప్పటి రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ అలవాటుగా దాన్ని దించారు.

"తాళం వేసి ఉందక్కా," అంది.

"అయ్యో. మరి?"

"మొదట కాళ్ళు చల్లబడ్డాయి. పక్కన ఆస్పత్రి జనరేటరు ఒకటి గుర్రుమంటోంది, అచ్చం మన రోలరు లాగే. పారిపోదామనిపించింది. తర్వాత మెట్ల మీద కూర్చున్నాను. పాదాలు ఆనించాను. తలుపు, తాళం, గోడ మీద చీమలు, అన్నీ చూశాను. ఊపిరి వదిలాను. పావుగంట పట్టింది. తగ్గింది." తనలో తనే ఆశ్చర్యపోతున్నట్టు నవ్వింది. "ఆవిడ లేకుండానే తగ్గిందక్కా!"

చూశారా రాత! చెడగొడదామనుకున్నది కాస్తా ఆ పిల్లకి పరీక్ష పాసైనట్టయింది. పెద్దకోడలికి నషాళానికి అంటింది. దుప్పటిని గట్టిగా విదిలించింది. అవతలి కొస చిన్నదాని చేతిలోంచి జారబోయింది.

"ఇందాక ఫోను చేసిందిలే మేడమ్," అంది చిన్నకోడలు, కొస మళ్ళీ అందుకుంటూ. "నిన్ననే నీతో చెప్పానంది. మర్చిపోయావా అక్కా?"

ఎంత మెత్తగా అడిగింది! తప్పుకోవడానికి దారి కూడా తనే చూపించింది. ఆ మెత్తదనమే భరించలేకపోయింది పెద్దకోడలు.

"మర్చిపోలేదు. చెప్పలేదు."

మడతపెట్టబోతున్న చిన్నకోడలు తలెత్తి చూసింది.

"కావాలనే చెప్పలేదు. ఏం? ఎనిమిది సార్లలో ఒక్కసారి పోతే కొంప మునిగిందా? నీకు మేడమ్, నీకు సెలవు, నీకు నిద్ర, నీ కాళ్ళ మీద దుప్పట్లు! యంత్రం దగ్గర నిలబడింది నువ్వొక్కదానివేనా? నేను లేనా అక్కడ? పైగా వసపిట్టట! ఆరేళ్ళు నీతో కొస పట్టుకున్నదాన్ని నేను పనికిరానా? చెప్పు, ఏం చెప్పావు ఆవిడకి నా గురించి?"

అరుపుకి వంటింటి కిటికీలో అత్తగారి తల కనిపించి, మాయమైంది.

"నువ్వు కొస వదల్లేదని చెప్పాను," అంది చిన్నకోడలు.

అదీ సంగతి. చెప్పేసింది. మూడు నెలలుగా భయపడిన మాట చివరికి వెలుగులో, పెరట్లో, బట్టల తీగ కింద వినపడింది. పెద్దకోడలు తల దించుకుంది. "నాలుగంకెలు," అంది. "నేను లెక్కపెట్టాను."

"నేను లెక్కపెట్టలేదక్కా. నేను నిన్ను చూశాను. నీ మొహం చూశాను. నువ్వు రావాలనే చూస్తున్నావు, నీ చేతులే రానివ్వలేదు."

"మరి కోపం లేదా?"

"వచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది? మొదటి రెండుసార్లు ఆ గదిలో నిన్నే తిట్టుకున్నాను. ఇప్పటికీ ఈ చర్మం లాగినప్పుడల్లా ఒకసారి తిట్టుకుంటాను, అబద్ధం ఎందుకు." చిన్నకోడలు కళ్ళు తుడుచుకుంది. "ఆ తర్వాత ఇంట్లో నిన్ను చూడటం మొదలుపెట్టాను. నువ్వు తోమిన గిన్నెలే తోముతున్నావు. గంట కొడితే నీ భుజాలు లేస్తున్నాయి. కంచం పట్టుకుంటే వేళ్ళు తెల్లబడుతున్నాయి. అప్పుడు మేడమ్‌తో చెప్పాను, నా చెయ్యి యంత్రంలోంచి బయటికొచ్చేసిందండీ, మా అక్క చేతులు మాత్రం ఇంకా ఆ దుప్పటి పట్టుకునే ఉన్నాయని. అందుకే వసపిట్టని అడిగాను. నా కోసం కాదు. నిన్ను ఆ కొస దగ్గర మళ్ళీ నిలబెట్టాలంటే నాకు భయమేసింది."

పెద్దకోడలు చిన్నదానితో పాటు దుప్పటిని పొడుగునా మడిచింది.

"మడతైపోయింది, వదులు అక్కా."

వదుల్తున్నాననే అనుకుంది. కానీ చూసుకుంటే రెండు చేతులూ దుప్పటి కొసని పిడికిళ్ళతో బిగించి ఉన్నాయి. తెరవమంటే తెరుచుకోవడం లేదు. తన చేతులే, తన మాట వినడం లేదు.

"చూశావా," అంది పెద్దకోడలు. చిన్నపిల్ల గొంతులా వచ్చింది. "ఇవి నావేనంటావా?"

చిన్నకోడలు దుప్పటి వెంబడే నడిచి దగ్గరికొచ్చింది. తొడుగు తీసేసింది. మెరుస్తున్న, గులాబీ రంగు చర్మం. ఆ చేత్తోనే ఒక్కొక్క వేలూ విడదీసింది. చిటికెనవేలు ముందు. తొందర పెట్టలేదు. చివరి వేలు విడేసరికి పెద్దకోడలు పెరట్లో నేల మీద చతికిలబడింది. అత్తగారు గుమ్మం దాకా వచ్చి, ఇద్దరినీ చూసి, ఏమనుకుందో ఏమో, తిరిగి లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి ఒక చెంబు నీళ్ళు గడప మీద ఉన్నాయి.

*

సోమవారం షిఫ్టుకి గంట ముందు లాండ్రీలో రోలరు చల్లగా, కదలకుండా ఉంది. సూపర్‌వైజరు గడియారం చూసుకుంటున్నాడు. వసపిట్ట ఆవలిస్తూ బుట్ట మీద కూర్చుంది. వసపిట్ట మాట్లాడకుండా కూర్చోవడం అందరూ మొదటిసారి చూస్తున్నారు.

మేడమ్ వచ్చింది. పెద్దకోడలు ఇన్నాళ్ళూ ఊహించుకున్న మనిషి వేరు. పొడుగ్గా, మెరిసే చీరలో, నవ్వుతూ మనుషుల మనసులు దోచుకునే రకం అనుకుంది. ఈవిడ పొట్టిగా ఉంది. చెప్పు ఒకటి తెగితే పిన్ను పెట్టుకుంది. ఈవిడ కోసమా తను ఇంత కుళ్ళుకుంది?

"శుక్రవారం గంట అలాగే మిగిలిపోయింది," అంది మేడమ్. "దాన్ని అక్కకి ఇవ్వమని చెల్లెలు అడిగింది. మీకు ఇష్టమైతేనే."

తను దొంగిలించిన గంట తిరిగి తన చేతికే వచ్చింది. పెద్దకోడలికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. "కథంతా చెప్పాలాండీ?"

"అక్కర్లేదు. ఆ రోజు చేతులు ఏం చేద్దామనుకుని చేయలేకపోయాయో, అది ఇవాళ చేయనిద్దాం. యంత్రం ఆపే ఉంది. మెల్లగా. వద్దనిపిస్తే ఆపేద్దాం."

"ఈవిడకి ఇవన్నీ ఎందుకండీ?" అన్నాడు సూపర్‌వైజరు. "రాయండీ ఈవిడ. ఈవిడే లేకపోతే ఆ రోజు..."

"ఆ రోజు నేను ఆలస్యం చేశాను సార్," అంది పెద్దకోడలు. "నాలుగంకెలు లెక్కపెట్టేంత సేపు కొస పట్టుకుని నిలబడ్డాను. దుప్పటి వంకరపోతుందని. మోకాలు నొప్పి కూడా అబద్ధమే. మీ కాగితంలో గీత కొట్టేశారు చూడండి, అక్కడ చేతులని రాసుకోండి. రెండూ."

సూపర్‌వైజరు పెన్ను తీసి, ఎక్కడ రాయాలో తెలియక మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

ఇద్దరూ పాత చోట్ల నిలబడ్డారు. తడి దుప్పటి చెరో కొస. పెద్దకోడలు పాదాలు నేలకి ఆనించింది. మేడమ్ చుట్టూ చూడమంది. బుట్ట. గోడ మీద కాగితం. అవతలి కొసన చెల్లెలు. గుండె దబదబా కొట్టుకుంటోంది. మేడమ్ తొందరపెట్టలేదు. కొట్టుకునీ కొట్టుకునీ కాస్త నెమ్మదించాక చిన్నకోడలికి సైగ చేసింది.

"అక్కా!"

చేతులు బిగుసుకున్నాయి. అంతే. మోకాలు కదల్లేదు.

"పర్లేదు. ఇప్పుడు మరీ మెల్లగా," అంది మేడమ్. "ముందు ఒక్క చిటికెనవేలు."

రెండోసారి చిటికెనవేళ్ళు విడ్డాయి. మూడోసారి చేతులు విడ్డాయి కానీ మోకాలు మర్చిపోయింది. నాలుగోసారి చిన్నకోడలు పిలిచిన గొంతులో నిజంగానే ఆ రోజు వినపడింది. పెద్దకోడలు ఏమీ ఆలోచించలేదు. రెండు చేతులూ విడిపోయాయి, దుప్పటి నేల మీద పడింది, మోకాలు వెళ్ళి ఎర్ర కడ్డీకి తగిలింది. టక్ మంది.

అంత చిన్న చప్పుడు. మూడు నెలలుగా దీని కోసమా!

ఆ తర్వాత కాళ్ళు వణికాయి. తొడలు, భుజాలు, దవడ, అన్నీ వణికాయి. ఆపబోయింది. "ఆపకండి, వణకనివ్వండి," అంది మేడమ్ పక్కనే నిలబడి. "చల్లని నీళ్ళలోంచి బయటికొస్తే వణకమూ? అంతే." వణుకు వచ్చినంత సేపు వచ్చి, పోయింది. ఎక్కడో అడుగు నుంచి ఒక పొడుగాటి ఊపిరి, ఎవరూ చెప్పకుండానే, బయటికొచ్చింది. అరచేతులు వెచ్చబడ్డాయి. ఆవలింత కూడా వచ్చింది, నలుగురిలో, సిగ్గులేకుండా.

"భలే పిలిచావు," అంది మేడమ్ చిన్నకోడలితో.

"పిలిచింది అది. పడేసింది నేను," అంది పెద్దకోడలు మొహం తుడుచుకుంటూ. "మెచ్చుకోలు మాత్రం దానికా?"

చిన్నకోడలు నవ్వు ఆపుకోలేక యంత్రం మీదికి వాలిపోయింది. కాలిన చెయ్యి రోలరు మీద ఆనింది. ఆనిందని ఆమెకే తెలియలేదు. పెద్దకోడలు చూసింది.

"దుప్పటి మట్టిపాలైంది," అన్నాడు సూపర్‌వైజరు. వసపిట్ట తీయబోయింది.

"నువ్వుండవే," అని పెద్దకోడలు వంగి తనే తీసింది. పదకొండేళ్ళలో ఆమె చేతి మీదుగా ఉతుకుడికి వెనక్కి పోతున్న మొదటి దుప్పటి. దాన్ని ఉండచుట్టి మురికిబుట్టలో పడేసింది. తడి గుట్టలోంచి ఇంకొకటి లాగి, ఒక కొస తను పట్టుకుని, రెండో కొస చిన్నకోడలికి విసిరింది.

"మళ్ళీ పిలువు," అంది.